తాళికి కట్టిన మాత్ర

మొగుడు ఓబుళప్పకు ఉప్పు లేని చారు, అత్త మారెమ్మకు ఉప్పున్న చారు, నాగరత్నమ్మకు ఆ రెండింటిలో ఏది మిగిలితే అది. పెనుకొండలోని ఆ రేకులింట్లో రెండేళ్ళుగా ఇదే వరస. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రెండు గిన్నెలు ఎక్కించాలి. గరిటెలు కూడా వేరు. ఒకరోజు నిద్రమత్తులో ఈ గరిటె ఆ గిన్నెలో పడితే, మంచం మీద నుంచే మారెమ్మ కేకేసింది. "నా కొడుకును సంపుతావా ఏమే?" చారు గరిటెతో మనిషిని చంపవచ్చునని నాగరత్నమ్మకు ఆ రోజే తెలిసింది.

చారయ్యాక క్యారియర్లు కట్టాలి. ఒకటి తనకు, ఒకటి కొడుకు హరిప్రసాద్‌కు. కొడుకు క్యారియర్ మూత బిగించేటప్పుడు ఆమె చెయ్యి రోజూ ఒక్క క్షణం ఆగుతుంది. ఎందుకంటే హరిప్రసాద్‌కు ఉద్యోగం లేదు. ఊరి బయట ఫ్యాక్టరీలో చేస్తున్న కాంట్రాక్టు పని అయిపోయి నాలుగు నెలలైంది. అయినా ఏడున్నర కొట్టేసరికి యూనిఫారం చొక్కా తొడుక్కుని, క్యారియర్ చేతికి తగిలించుకుని, "నాయనా, డ్యూటీకి పోతాండా" అని చెప్పి మరీ బయలుదేరతాడు. సాయంత్రం దాకా స్నేహితుడి సెల్‌ఫోన్ అంగట్లో కూర్చుని, అలసిపోయిన ముఖం ఒకటి తగిలించుకుని తిరిగొస్తాడు. ఆ చొక్కాను రెండురోజులకోసారి ఉతికి ఆరేసేది కూడా నాగరత్నమ్మే. లేని ఉద్యోగానికి ఇంత చాకిరీ చేసే తల్లి ఈ జిల్లాలో తానొక్కతే అయివుంటుందని ఒక్కోసారి ఆమెకు నవ్వొస్తుంది. ఆ నవ్వు కూడా సగంలోనే అలసిపోతుంది. నాయనకు మాత్రం చెప్పకూడదు. నాయన గుండెకు పడదు.

రెండేళ్ళ కిందట ఓబుళప్ప లారీ తోలేవాడు. కదిరి దాటాక స్టీరింగు ముందే ఛాతీ పట్టుకున్నాడు. క్లీనరు లారీని పక్కకు పెట్టించి, దారిన పోయే జీపులో పుట్టపర్తి ఆసుపత్రికి చేర్చాడు. రక్తనాళంలో స్టెంటు వేసి బతికించారు. ఇంటికి పంపేరోజు డాక్టరు, "ఇంట్లో చూసుకునేదెవరు?" అని అడగబోయాడు. మాట పూర్తి కాకముందే నాగరత్నమ్మ "నేనుండా సార్" అంది. డాక్టరు మెచ్చుకోలుగా తలాడించాడు. "ఈ జబ్బుకు మందు సగం, ఇల్లు సగం. కోపం రానివ్వొద్దు, బాధపెట్టే మాటలు చెప్పొద్దు" అన్నాడు. ఆ మాటను ఆమె దేవుడి ప్రసాదంలా కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చింది. తెచ్చిన దాన్ని మారెమ్మ చట్టం చేసింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లోకి చెడ్డ మాట ఏదీ రాలేదు. వచ్చినవన్నీ గడప దగ్గర నాగరత్నమ్మ పట్టుకుని మింగింది. క్రికెట్టు ఆఖరి ఓవర్లో పడితే ఛానల్ మార్చేవారు. ఎవరింట్లోనో చావు డప్పు వినబడితే కిటికీ మూసేవారు. గాండ్లపెంటలో నాగరత్నమ్మ తల్లి పోయినప్పుడు, ఫోను పెట్టేసి, ఆయనకు అన్నం వడ్డించి, మాత్ర వేయించి, "అమ్మకు కొంచెం బాగలేదంట, చూసి వస్తా" అని చెప్పి బయలుదేరింది. బస్సు ఊరు దాటాకే ఏడ్చింది. పక్క సీటులోని ముసలమ్మ ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే, ఆ అపరిచితురాలికి మాత్రం నిజం చెప్పింది.

ఇక మాత్ర సంగతి. నొప్పి వస్తే వెంటనే నాలుక కింద పెట్టుకొమ్మని ఓబుళప్పకు ఒక చిన్న మాత్ర రాసిచ్చారు. ఓబుళప్పకు మాత్రలు జేబులో పెట్టుకోవడం గుర్తుండదు. గుర్తుండకపోవడమే కాదు, గుర్తుంచుకోవడం తన పని అని ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు. అందుకని నాగరత్నమ్మ ఆ మాత్రలను ఊరంతా నాటింది. టీవీ మీద ఒకటి, దిండు కింద ఒకటి, బండి డిక్కీలో ఒకటి, ఆయన రోజూ కూర్చునే టీ అంగడాయన గల్లాపెట్టెలో ఒకటి. అయినా మారెమ్మకు నమ్మకం కుదరలేదు. "పెండ్లికో పేరంటానికో జతగా పోయినప్పుడు నొప్పి వస్తే యాడ వెదుకుతావు? తాళికి కట్టుకో. తాళి మరిచే ఆడది ఉంటాదా?" అంది.

నాగరత్నమ్మ హిందూపురంలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో టైలరు. కాలరు గుడ్డ ముక్కతో చిటికెన వేలంత సంచి కుట్టి, టిచ్ బటన్ వేసి, మాత్రను ప్లాస్టిక్ కవర్లో చుట్టి అందులో పెట్టి, పిన్నీసుతో తాళికి తగిలించుకుంది. కుట్టు ఎంత ముద్దుగా వచ్చిందో! లైన్లో పక్క మిషను మీద కుట్టే మరియమ్మ అది చూసి, "ఏమక్కా, నీ మొగుడు పెనుకొండలో, మాత్ర హిందూపురంలో. ఆయప్పకు నొప్పొస్తే నువ్వు ఈడ్నుంచి ఇసిరేస్తావా?" అని నవ్వింది. నాగరత్నమ్మ కూడా నవ్వింది. కానీ విప్పలేదు. స్నానం చేసేటప్పుడు కూడా తీసి గూట్లో పెట్టి, ఒళ్ళు తుడుచుకోగానే మళ్ళీ తగిలించుకునేది.

మొన్నటి ఆదివారం ధర్మవరం పోయింది. కూతురు మాధవిని అక్కడ పట్టు మగ్గాలవాళ్ళింట్లో ఇచ్చారు. అల్లుడు నరసింహ మగ్గం నేస్తే, మాధవి పగలంతా దారం కండెలు చుడుతుంది. ఎండాకాలంలో మోచేతుల దాకా చేతులున్న రవిక తొడుక్కుంది పిల్ల. నాగరత్నమ్మ ఏమీ అడగకుండా రవిక చెయ్యి పైకి మడిచింది. నాలుగు వేళ్ళ గుర్తులు.

"మగ్గం కట్టె తగిలిందిమా" అంది మాధవి. కాసేపయ్యాక, "నాయనకు చెప్పొద్దుమా" అంది. అబద్ధం, నిజం రెండూ ఆ రెండు మాటల్లోనే తేలిపోయాయి.

నాగరత్నమ్మ అల్లుడిని పక్కకు పిలిచి, ఆడపిల్ల మీద చెయ్యి ఎత్తేది ఏం పద్ధతి అని అడిగింది. నరసింహ కోప్పడలేదు. తీరిగ్గా నవ్వాడు. "అత్తా, ఇంటి మాట ఇంట్లోనే ఉంటే బాగుంటాది. నువ్వు రచ్చ చేస్తే మామకు తెలుస్తాది. ఆయప్ప గుండెకు ఏమన్నా అయితే ఆ పాపం ఎవురికి? ఆలోచన చేసుకో" అన్నాడు. మొగుడి గుండెను ఇంతకాలం తాను కాపాడుతున్నాననుకుంది. దాని వెనకాల ఇంకా ఎవరెవరు దాక్కుంటున్నారో ఆ రోజే చూసింది.

సాయంత్రం ప్యాసింజరులో తిరిగొచ్చింది. గుమ్మంలోనే ఓబుళప్ప అడిగాడు. "మాధవి బాగుండాదా?"

"బాగుండాది. అలసంద వడలు చేసి పెట్టింది."

"అల్లుడు మంచోడు. మన అదృష్టం" అని ఓబుళప్ప కాళ్ళు చాపుకున్నాడు. నాగరత్నమ్మ వంటింట్లోకి పోయి రెండు గిన్నెలు తీసింది.

సోమవారం ఫ్యాక్టరీ వ్యాను ఎక్కేటప్పుడే ఎడమ దవడ లాగుతోంది. పంటి నొప్పి అనుకుంది. ఫ్యాక్టరీలో కూర్చున్నాక నొప్పి వీపులోకి దిగి, రెక్క కింద బండరాయి పెట్టినట్టు బరువెక్కింది. ఆ రోజు లైను మీద ఆర్డరు తొందర ఉంది. బాత్రూముకు పోవాలన్నా సూపర్‌వైజరు బల్ల మీది టోకెను తీసుకోవాలి, తీసుకుంటే గడియారం చూస్తాడు. నలభై ఏడేళ్ళ మనిషి, మనవళ్ళను ఎత్తుకోవలసిన వయసులో, ఒంటికి పోవడానికి ఇరవై ఏడేళ్ళ కుర్రవాడి కనుసైగ కోసం చూడాలి. చూడటం అలవాటైపోయింది. అలవాటైన అవమానానికి నొప్పి తెలియదని ఆమె అనుకునేది, కానీ శరీరం మరిచిపోదు కాబోలు. నిన్నటి నాలుగు వేళ్ళ గుర్తులు కళ్ళ ముందు నుంచి పోలేదు. కాలరు తిప్పుతూ, కుడుతూ, ఆమె మనసులోనే అల్లుడితో మాట్లాడింది, అత్తతో మాట్లాడింది, కొడుకుతో మాట్లాడింది. బయటికి ఒక్క మాట రాలేదు.

"ఏమక్కా, మొగమంతా ఆ చెమటేంది?" అంది మరియమ్మ.

"ఏం ల్యా. ఉక్కగా ఉండాది."

అంతలో గుండెల మీద తడి తగిలింది. చెమటకు రవిక తడిసిపోయింది. గబుక్కున చెయ్యి పెట్టి చూసుకుంది. సంచి తడుస్తోంది. అయ్యో, మాత్ర కరిగిపోతుందేమో అనుకుంది. తాళిని పైకి లాగి, కొంగు పొడి అంచును సంచికి చుట్టి, రవిక మీద వేసుకుంది. హమ్మయ్య అనుకుని మళ్ళీ మిషను తొక్కింది. ఇంకొక ఇరవై కాలర్లు కుట్టాక చూపు మసకబారి, పక్కకు ఒరిగి, మరియమ్మ ఒళ్ళో పడింది.

ముందు హిందూపురం ఆసుపత్రి, అక్కడి నుంచి అంబులెన్సులో పుట్టపర్తి. రెండేళ్ళ కిందట ఓబుళప్పను తోసిన వరండాలోనే ఈసారి ఆమెను తోసుకుంటూ పోయారు. మెడలోవి తీయాలని నర్సు తాళి మీద చెయ్యి వేసి ఆగింది.

"ఇదేందమ్మా, తాయెత్తా?"

"మా ఆయన మాత్ర" అంది నాగరత్నమ్మ. "పడేయొద్దు తల్లీ, ఆయనకిచ్చేయ్."

నర్సు టిచ్ బటన్ తీసి చూసి, డాక్టరుకు చూపించింది. మూడో రోజు, ప్రమాదం గడిచాక డాక్టరు ఆ సంచిని ఆమె మంచం పక్కన పెట్టి అడిగాడు. "ఇది నువ్వు వేసుకుంటే మేలు జరిగేదో కీడు జరిగేదో, అది వేరే మాట. ఒకరి మందు ఇంకొకరు వేసుకోకూడదు. కానీ గుండెనొప్పికని ఇచ్చిన మాత్రను గుండెల మీద పెట్టుకుని, నీకు వచ్చింది గుండెనొప్పేమోనని ఒక్కసారన్నా తోచలేదా? మూడు గంటలు కుడుతూ కూర్చున్నావంట. పక్కమనిషికి కూడా చెప్పలేదంట. ఆ మూడు గంటల్లో గుండెలో కొంత భాగం చచ్చిపోయిందమ్మా. ఇంటికి పోయి మళ్ళీ అట్లాగే బతికితే, రెండోసారి మా చేతుల్లో ఉండదు."

తోచలేదు. నిజంగా తోచలేదు. గుండెజబ్బు ఆ ఇంట్లో ఓబుళప్పది, కుర్చీ ఆయనదైనట్టు, టీవీ రిమోటు ఆయనదైనట్టు. ఇంకొకరు ముట్టుకునే వస్తువు కాదు. తడవకుండా దాచింది తన ప్రాణాన్ని కాదని, ఆ మూడు గంటలూ తన ప్రాణం ఎవరి లెక్కలోనూ లేదని, చివరికి తన లెక్కలో కూడా లేదని ఆ మంచం మీద పడుకుని తెలుసుకుంది. ఏడుపు వచ్చింది. ఈసారి బస్సు ఊరు దాటేదాకా ఆగలేదు.

చూడటానికి వచ్చినవాళ్ళంతా వరండాలో ఓబుళప్ప చుట్టూ చేరారు. "నువ్వు టెన్షన్ పడొద్దప్పా." "లోపలికి పోవద్దులే, ఆ ట్యూబులు సూసి తట్టుకోలేవు." మారెమ్మ కొడుకు ఛాతీ నిమురుతూ కూర్చుంది. ఆఖరికి ఓబుళప్ప తలుపు దాకా వచ్చి, కళ్ళు ఎర్రగా, బెదిరిన పిల్లవాడిలా నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు. కావాలని ఎవరినీ బాధపెట్టినవాడూ కాదు. "నాగరత్నా" అన్నాడు. "పొద్దుటి మాత్ర యాడ పెట్టినావు? దొరకల్యా."

ముక్కులో గొట్టంతోనే ఆమె చెప్పింది. "టీవీ పక్కన. నీలం డబ్బా. తెల్లది తిన్నాక, గులాబీది తినకముందు."

ఆరో రోజు ఇంటికి పంపుతామన్నారు. ఆసుపత్రి కౌన్సెలర్ మేడం గదిలో చిన్న బల్ల, దాని ఇవతల నాలుగు కుర్చీలు. నాగరత్నమ్మ, ఓబుళప్ప, హరిప్రసాద్, ధర్మవరం నుంచి వచ్చిన మాధవి కూర్చున్నారు. హరిప్రసాద్ ఇంకా యూనిఫారం చొక్కాలోనే ఉన్నాడు, లీవు పెట్టానని నాయనకు చెప్పాడట. మాధవి పొడుగు చేతుల రవికలో ఉంది. మేడం ఆహారం చెప్పింది, మాత్రలు చెప్పింది, ఉప్పు తగ్గించాలని చెప్పింది. తర్వాత ఫారం ముందుకు లాక్కుని అడిగింది.

"ఇంటికి పోయినాక ఈమెను చూసుకునేదెవరు?"

మాధవి నేల చూసింది. హరిప్రసాద్ ఫోను చూశాడు. ఓబుళప్ప గొంతు సవరించుకుని, భార్యను పొగుడుతున్నాననే అనుకుని అన్నాడు. "ఆమె గట్టిది మేడం. ఆమెను ఆమే చూసుకుంటాది. ఇంతమందిని చూసేది ఆమే కదా."

మేడం కలం ఆగింది. "నేను ఈ కుర్చీలో తొమ్మిదేళ్ళుగా ఉన్నానండీ" అంది నెమ్మదిగా. "ఇక్కడికి వచ్చే మగవాళ్ళ ఫారంలో ఈ గీత మీద భార్య పేరు ఉంటుంది. అడగకముందే చెప్తారు. ఆడవాళ్ళ ఫారాల్లో చాలావరకు ఖాళీ. మాత్రలు ఇద్దరికీ ఒకటే ఇస్తాం. తిరిగి మంచమెక్కి వచ్చేది మాత్రం, నేను చూసినంతలో, ఆ ఖాళీ ఉన్నవాళ్ళే ఎక్కువ." ఆమె నాగరత్నమ్మ వైపు తిరిగింది. "నీకు కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటావమ్మా?"

నాగరత్నమ్మ ఆలోచించింది. గాండ్లపెంట బస్సులోని ముసలమ్మ తప్ప ఇంకెవరూ గుర్తుకు రాలేదు. ఆమె పేరు కూడా తెలియదు. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుందని తన తల్లి అనేది. రెండేళ్ళుగా ఎవరి మానం కాచింది, ఎవరి ప్రాణం కాచింది? ఆరు రోజుల కిందట పోబోయింది మాత్రం తనది.

"ఆ గీత మీద రాసేది ఒక పది నిమిషాలు ఆపండి మేడం" అంది. "ఈయనతో మాట్లాడేది ఉండాది."

కొంగు ముడి విప్పి సంచి తీసింది. ఓబుళప్ప చొక్కా జేబులో పెట్టి, జేబు మీద ఒకసారి తట్టింది. "ఇది నీది. ఇంక నీ దగ్గరే ఉండల్ల. పట్టుకో, ఇప్పుడు చెప్తా విను."

"అమ్మా, వద్దు" అన్నాడు హరిప్రసాద్.

"నాయనకు చెప్పొద్దుమా" అంది మాధవి, అలవాటైన గొంతుతో.

నాగరత్నమ్మ లేచి కూతురి దగ్గరికి పోయి, రవిక చెయ్యి మోచేతి పైకి మడిచింది. గుర్తులు పచ్చబడ్డాయి కానీ పోలేదు. "అల్లుడు మంచోడంటివే. చూడు. బిడ్డను కొడతాండాడు. అడిగితే నీ గుండె పేరు చెప్పి నా నోరు మూసినాడు. నీ కొడుక్కు ఉద్యోగం పోయి నాలుగు నెల్లాయ. దినామూ నేను క్యారియర్ కట్టేది సెల్‌ఫోన్ అంగడికి. మా అమ్మకు బాగలేదని చెప్పి పోతినే, ఆ దినం మా అమ్మ సచ్చిపోయింది. నీకు అన్నం పెట్టి పోయి మా అమ్మను మట్టిలో పెట్టొచ్చినా. దినాలు కూడా నీకు తెలీకుండానే చేస్తిమి. ఇవన్నీ ఇంగ నేను మొయ్యలేను. మోసిన కాడికి మోసినా. నాకూ గుండె ఉండాది."

ఓబుళప్ప ముఖం తెల్లబడింది. నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి జేబు మీదికి పోయింది. మేడం కుర్చీలోంచి సగం లేచి, ఆయన మణికట్టు పట్టుకుని చూసింది. రెండేళ్ళుగా ఆ ఇల్లంతా భయపడిన క్షణం వచ్చి ఎదురుగా కూర్చుంది.

ఓబుళప్ప చాలాసేపు కూతురి చేతి వైపు చూశాడు. తర్వాత చిన్న గొంతుతో అడిగాడు. "మాత్ర... వేసుకోవల్నా?"

"నొప్పి ఉండాదా?"

ఆయన తన ఛాతీలోకి చెవి పెట్టి వింటున్నట్టు కాసేపు ఆగాడు. "లేదు" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయనకే సిగ్గేసినట్టుంది.

మేడం మణికట్టు వదిలి, బాగానే ఉందన్నట్టు తలూపింది. నాగరత్నమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ఒళ్ళంతా నీరసంగా ఉంది, కానీ రెక్క కింది ఆ బండ మాత్రం లేదు. ఫారం మీది ఖాళీ గీతను చూపుడు వేలితో చూపించింది.

"ఓబుళప్ప అని రాయండి మేడం. ఆయన గుండె గట్టిదే."